"రంది పడకు" అంటే రంది పోతదా?

మా టేకుమట్ల దిక్కు మనసుకు కష్టమొస్తే చెప్పే మాట ఒక్కటే: "రంది పడకు." ముసలవ్వ అదే అంటది, ఊరి పెద్దమనిషి అదే అంటడు, కాలేజీకొస్తే లెక్చరర్ గారూ అదే అంటారు. కాలు విరిగినవాణ్ని "కుంటకు" అన్నట్టున్నది ఈ ఓదార్పు! రంది పడకుండా ఎట్లా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నా సంగతే మనవి చేస్తాను. రెండేండ్ల కింద మా పత్తి దెబ్బతిన్నది. అదే యేడు నేనొక పేపరు తప్పాను. ఇంటికి పోయిన రాత్రి బాపు, "అప్పు తెచ్చి చదివిస్తున్న, నువ్వు గిట్ల చేస్తివి" అన్నాడు. అన్నం పళ్లెం గోడకు విసిరికొట్టాను. అవ్వ ఏమనకుండా మెతుకులు ఏరింది. ఆ రాత్రి నాకు నా మీదనే భయం వేసింది.

మా ఊరు 2016లో మండల కేంద్రమైంది. అయినా మనసు డాక్టరనగానే మావాళ్లు వరంగల్ బస్సే ఎక్కుతారు. "ఎక్కడికి పోతున్నవ్ బిడ్డా?" అని బస్సులో అడిగితే ఏం చెప్పాలి? మన నోట ఎర్రగడ్డ అన్న పేరే ఒక తిట్టు కదా!

ఒక మిత్రుడు 14416 నంబరు చెప్పాడు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన 'టెలీ మానస్' అది. పైసా ఖర్చు లేదు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చెల్క గట్టు మీద కూర్చుండి ఫోను చేశాను. అవతలి అమ్మ నీతులు చెప్పలేదు. "కోపం వచ్చేముందు ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది?" అని అడిగింది. దవడ బిగుస్తుందన్నాను. "అది బిగిసినప్పుడే లేచి బయటికి నడువు, ఊపిరి మెల్లగా వదులు. కానీ మాట ఎగ్గొట్టకు. మీ నాన్న వినే వేళ చూసి చెప్పు" అన్నది.

మూడోనాడు పొద్దున, చాయ్ వేళ, "బాపూ, పేపరు పోయినందుకు సిగ్గైతాంది. అప్పు మాట తీస్తే ఇంకా భయమైతాంది" అన్నాను. బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అప్పు ఎంతున్నదో మొదటిసారి నాకు లెక్క చెప్పాడు. నా కోపం పూర్తిగా పోయిందని అబద్ధమాడను. పళ్లెం మాత్రం మళ్లీ విసరలేదు.

"ఫోనులో వైద్యమేమిటి?" అని కొందరు నవ్వుతారు. వారి మాటలో సగం నిజమున్నది. నిద్ర, తిండి మాని, చావు ఆలోచనలు వచ్చేవారు డాక్టరును చూడవలసిందే. ఫోను ఆ దారి చూపే మొదటి మెట్టు మాత్రమే. డబ్బు గుంజే యాప్‌లూ ఉన్నాయి. అటువైపు కూర్చున్నవారి చదువేమిటో అడిగి తెలుసుకోవాలి. అప్పును ఏ కౌన్సిలరూ తీర్చడు. మన ఇండ్లలో కలతలకు సగం మూలం పంట ధరలోనే ఉన్నదని పాలకులు మరువరాదు.

ఇంకొక చిక్కున్నది. రెండర్రల ఇంట్లో గుట్టుగా మాట్లాడే చోటేది? ఫోను అన్న చేతిలో ఉంటే చెల్లె ఎవరికి చెప్పుకోవాలి? 2017 మానసిక ఆరోగ్య చట్టం చికిత్స పొందేవారి గుట్టు కాపాడాలన్నది. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి, శిక్షించరాదన్నది. చట్టం ఉన్నది, తలుపున్న గది లేదు!

కాబట్టి మన యూనియన్‌కు నా మనవి ఒక్కటే. కాలేజీలో తలుపు వేసుకునే ఒక చిన్న గది, అందులో ఒక ఫోను అడుగుదాం. ఆ నంబరు నోటీసు బోర్డు మీద, ముఖ్యంగా ఫలితాల నాడు, పెద్దక్షరాలతో రాయిద్దాం.

మిత్రులారా, ఇకమీదట తోటివాడు ముఖం వేలాడేసుకుని వస్తే "రంది పడకు" అనకండి. "ఏమైందిర? చెప్పు, వింట" అనండి. చెప్పినంతసేపూ వినండి.