ముప్పై రోజుల గడువు

రామకృష్ణాపూర్ ప్రజలకు దుమ్ము గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఓపెన్‌కాస్ట్ గనుల కోసం షామియానా కింద జరిపే ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఈ బొగ్గు ప్రాంతానికి కొత్త కాదు. అయితే రహదారి విషయంలోనూ అలాంటి హక్కు ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కొత్త జాతీయ రహదారికి ముందస్తు అనుమతి తప్పనిసరి. మంచిర్యాల నుంచి వరంగల్‌కు 108 కిలోమీటర్ల మేర తలపెట్టిన, 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేసిన గ్రీన్‌ఫీల్డ్ రహదారి ఈ కోవలోనిదే. ఉన్న దారిని వెడల్పు చేసేటప్పుడు మాత్రం వంద కిలోమీటర్ల లోపైతే ఆ అధ్యయనం అక్కరలేదు. చేవెళ్ల మర్రిచెట్ల వివాదానికి మూలం ఈ వెసులుబాటే. అక్కడ విస్తరించవలసిన దారి సుమారు 46 కిలోమీటర్లు. దాదాపు 900 మర్రిచెట్లను కాపాడాలంటూ కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. పనులు ఏళ్ళ తరబడి ముందుకు సాగలేదు. 2025 నవంబరులో అదే దారిలో, మీర్జాగూడ వద్ద, కంకర టిప్పర్ బస్సును ఢీకొని 19 మంది మరణించినప్పుడు అనేకులు ఆ కేసునే నిందించారు. ఆప్తులను కోల్పోయినవారి ఆగ్రహాన్ని మేము తప్పుపట్టము. కానీ చెట్లనూ మలుపులనూ ముందే లెక్కలోకి తీసుకొని నమూనా గీసి ఉంటే కోర్టు దాకా వెళ్ళవలసిన అవసరమే ఉండేది కాదు. అధ్యయనాన్ని ఎగవేసినవారిని వదిలి, దాన్ని కోరినవారిని దోషులను చేయడం న్యాయం కాదు.

సుప్రీంకోర్టు వైఖరి కూడా ఇందుకు భిన్నంగా లేదు. రోడ్ల వంటి నిర్మాణాలకు మట్టి తవ్వుకోవడానికి ముందస్తు అనుమతి అక్కరలేదంటూ 2020 మార్చిలో, లాక్‌డౌన్ వేళ, ప్రజలను అడగకుండానే కేంద్రం ఇచ్చిన మినహాయింపును 2024 మార్చి 21న కొట్టివేసింది.

మన సంగతీ చెప్పుకోవాలి. సర్వే రాయి కబరస్తాన్ గోడను తాకితే మనం కలెక్టరేట్‌కు పరుగెత్తుతాం. అదే రాయి చెరువు మత్తడి మీద పడినప్పుడు అది రైతుల గొడవ అనుకుంటాం. ఆ చెరువు నీరు మన బస్తీ బోరుకూ ఆధారమే.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. ప్రతులు జిల్లా కార్యాలయాల్లో అందుబాటులో ఉంచాలి. అనుమతి ఇచ్చాక అప్పీలుకు ఉన్న గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60. తొంభై ఒకటో రోజున చెన్నై వెళ్ళినవారి అప్పీలును ట్రిబ్యునల్ విచారణకే తీసుకోదు.