ఇంటి బడిలో అమెరికా చరిత్ర: సగం కథ చెప్పకండి

శంషాబాద్ మండలంలోని పాల్మాకుల చుట్టుపక్కల ఊళ్లలో విమానం చప్పుడు ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. 2008లో విమానాశ్రయం తెరిచాక పుట్టిన పిల్లలు ఆ చప్పుడులోనే పెరిగారు. "అది ఎక్కడికి పోతుంది?" అని పిల్లవాడు అడిగితే మన నోటికి ముందుగా వచ్చే మాట "అమెరికా". ఆ విమానం ఢిల్లీకో దుబాయికో పోతుండవచ్చు. అయినా మన మనసు అమెరికాకే పోతుంది. సంఘాల్లో వచ్చే ప్రార్థన మనవుల్లో వీసా మనవులు ఎన్ని ఉంటాయో కాపరులకు చెప్పనక్కరలేదు.

మన విశ్వాసుల కుటుంబాల్లో కొన్ని పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాయి. విద్యాహక్కు చట్టం, ఓపెన్ స్కూల్ పరీక్షలు, వీటి సంగతి వేరే చర్చ. మేము ఈ వారం మాట్లాడదలచింది ఆ ఇంట్లో తెరిచే చరిత్ర పుస్తకం గురించి. ఇంటి చదువు కోసం కొందరు అమెరికా క్రైస్తవ ప్రచురణకర్తల పుస్తకాలు తెప్పించుకుంటున్నారు. లెక్కలకు, ఇంగ్లీషుకు అవి బాగానే పనికొస్తాయి. కాని చరిత్ర అనగానే అమెరికా చరిత్రే మొదలవుతుంది. ఏడేళ్ల పాపకు మేఫ్లవర్ ఓడ తెలుస్తుంది, జార్జ్ వాషింగ్టన్ తెలుస్తాడు. మన ఊరికి ఇంత దగ్గరున్న గోల్కొండ తెలియదు.

అమెరికా చరిత్ర నేర్పకూడదని మేము అనడం లేదు. దానియేలు, అతని స్నేహితులు బబులోనులో కల్దీయుల విద్య నేర్చుకున్నారు. నేర్చుకున్నా తామెవరో మరచిపోలేదు. ప్రశ్న ఏమిటంటే, మనం పిల్లలకు చెప్పేది చరిత్రా, లేక వాగ్దాన దేశం కథా?

ఈ ప్రశ్నకు ఇదే సమయం. 1776 జూలై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జూలై 4తో 250 ఏళ్లు. ఆ దేశంలోనే చరిత్ర ఎలా చెప్పాలన్న తగవు నడుస్తోంది. జాతీయ మ్యూజియాలు, పార్కుల్లో దేశాన్ని కించపరిచేలా చరిత్ర చూపిస్తున్నారని, అది మారాలని అధ్యక్షుడు ట్రంప్ 2025 మార్చిలో ఉత్తర్వు ఇచ్చారు. పిల్లలకు దేశం మీద గౌరవం కలగాలని ఒక వర్గం అంటోంది. బానిసత్వం మాట దాచితే అది చరిత్రే కాదని మరో వర్గం అంటోంది. అక్కడి పుస్తకం కొనితెచ్చుకున్నామంటే ఆ తగవును కూడా మన ఇంట్లోకి తెచ్చుకున్నట్టే.

క్రైస్తవ తల్లిదండ్రులకు ఇందులో దారి కొత్తగా వెదకనక్కరలేదు. 78వ కీర్తన తరువాతి తరానికి చరిత్ర చెప్పమంటుంది. దేవుని కార్యాలు చెబుతుంది, పితరుల తిరుగుబాటూ చెబుతుంది. దావీదు మహారాజే, అయినా ఊరియాకు చేసిన అన్యాయాన్ని లేఖనం దాచలేదు. సొంత జనం పాపాన్ని దాచని గ్రంథాన్ని చేతపట్టుకున్న మనం, పరాయి దేశం పాపాన్ని కప్పిపెట్టి చెప్పడమెందుకు?

మేఫ్లవర్ పాఠమే తీసుకుందాం. 1620లో వచ్చినవారికి మొక్కజొన్న వేయడం నేర్పిన స్క్వాంటో గురించి చాలా పుస్తకాల్లో ఉంటుంది. దేవుడు పంపిన సహాయకుడు అని చెబుతారు. అతనికి ఇంగ్లీషు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1614లో ఒక ఇంగ్లీషు ఓడ అధికారి అతన్ని, మరికొందరిని ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మజూశాడు. అతను ఎలాగో ఇంగ్లండు చేరి, 1619లో సొంత ఊరికి తిరిగొచ్చేసరికి అతని ఊరివాళ్లంతా తెగులుతో చనిపోయి ఉన్నారు. అన్నల చేతిలో అమ్ముడుపోయిన యోసేపు కథ తెలిసిన పిల్లలకు ఈ కథ అర్థం కాకుండా పోదు. కీడు చేసినవాడి జాతివారికే మేలు చేశాడన్నది పూర్తి కథ విన్నప్పుడే తెలుస్తుంది.

1776 పాఠమూ అంతే. మనుషులంతా సమానులన్న ప్రకటన గొప్పది. దాన్ని రాసిన జెఫర్సన్ ఇంట్లో బానిసలున్నారు. బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1852లో, మీ జూలై 4 బానిసకు ఏమవుతుందని నిలదీశాడు. ఆరేళ్ల బిడ్డకు కొరడా దెబ్బల వర్ణన అక్కరలేదు. "తల్లిని ఒకరికి, బిడ్డను ఇంకొకరికి అమ్మారు, అది పాపం" అంటే చాలు. మిగతాది వయసుతోపాటు చెప్పవచ్చు. ముందు అబద్ధం చెప్పి తరువాత దిద్దుకోవడం కంటే, ముందు కొంచెమే నిజం చెప్పి తరువాత కలుపుకుంటూ పోవడం మేలు.

మనకు ఇంకా దగ్గరి పాఠం ఒకటుంది. 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగు దేశానికి వచ్చారు. తరువాత నెల్లూరులో పని మొదలైంది. అక్కడ 1845లో బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. బానిసల యజమాని మిషనరీ కావచ్చునా అన్న ప్రశ్నే ఆ చీలికకు ముఖ్య కారణం. కావచ్చునన్న దక్షిణాదివారు వేరే సమాఖ్య పెట్టుకున్నారు. 150 ఏళ్ల తరువాత, 1995లో, ఆ సమాఖ్యే బానిసత్వం విషయంలో క్షమాపణ చెప్పుకుంది. ఆలస్యమైనా ఒప్పుకోలు ఒప్పుకోలే. నెల్లూరు మిషను మాత్రం ఉత్తరాదివారి చేతుల్లో ఉండిపోయింది. దాన్ని మూసేద్దామన్న మాట వచ్చినప్పుడు, 1853లో, "ఒంటరి నక్షత్రం" అంటూ దాని కోసం పద్యం రాసినవాడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. అమెరికా పిల్లలు బడిలో పాడే దేశభక్తి గీతం "అమెరికా" రాసింది కూడా ఆయనే.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని ఒప్పుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ కథనూ సగమే చెప్పకూడదు. క్లౌ పేరుతోపాటు, అంతకు ముందునుంచే తన మాదిగ బంధువుల మధ్య సువార్త చెబుతూ తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య పేరు కూడా మన పిల్లల నోట పలకాలి.

1960లో న్యూ ఆర్లీన్స్‌లో ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ తెల్లవారి బడిలో అడుగుపెట్టడానికి ప్రభుత్వ అధికారుల కాపలా కావలసివచ్చింది. ఆ పాఠం పక్కనే, అంటరానివారని దూరం పెట్టిన పిల్లల కోసం మన హైదరాబాదులో బడులు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ పాఠం చెప్పండి. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశానికి వచ్చినప్పుడు, కేరళలో దళిత పిల్లల బడిలో తనను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశారట. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచిస్తే అది నిజమే అనిపించిందని 1965 జూలై 4న తన సంఘంలో ప్రసంగిస్తూ ఆయనే చెప్పారు. మన సంఘాల్లో ఎంతమంది తాతముత్తాతలకు ఈ మాట అర్థమయ్యేదో మనకు తెలుసు.

అదే 1965లో వలస చట్టం మారి మనవాళ్లకు అమెరికా తలుపు తెరుచుకుంది. అంతకు ముందు, 1923లో, భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ ఎన్నో మందుల పరిశోధనకు ప్రాణం పోసి, ఆ దేశ పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు. నల్లవారి హక్కుల పోరాటం కదిలించిన కాలంలోనే మన తలుపూ తెరుచుకుందని, ఇప్పుడు అక్కడ ఉద్యోగం చేసే బాబాయి పిన్నుల పిల్లలకూ తెలియాలి.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎన్నో తెలుగు ఇళ్లలో కలవరం పుట్టింది. పెద్దల మాటలు పిల్లలు వింటూనే ఉంటారు. అమెరికాను పరలోకంగా చూపి పెంచిన పిల్లకు ఆ తలుపు మూసుకుంటే దేవుడే తలుపు మూసినట్టు తోస్తుంది. అది కూడా మనుషుల దేశమే, దానికీ మంచీ చెడూ ఉన్నాయని తెలిసిన పిల్ల కలవరపడదు.

కాబట్టి ఇంటి బడి నడుపుతున్న తల్లిదండ్రులకు మా మనవి ఇది. ఆ పుస్తకాలు పారేయవద్దు. ఒక్కో అమెరికా పాఠం పక్కన మన నేల పాఠం ఒకటి పెట్టండి. బానిసత్వం చెప్పిన రోజు తెలంగాణ వెట్టిచాకిరి గురించి చెప్పండి, నానమ్మను అడిగి రమ్మనండి. జూలై 4 చెప్పిన వారం 1948 సెప్టెంబరు 17 గురించీ చెప్పండి. సండే స్కూలు ఉపాధ్యాయులు నెలకొకసారి పేరయ్య వంటివారి కథ చెప్పవచ్చు. ఇంట కూర్చున్నప్పుడూ దారిన నడిచేటప్పుడూ బిడ్డలకు నేర్పమన్న ఆజ్ఞ మనకు ఉండనే ఉంది.

రేపు విమానం చప్పుడు విని పిల్లవాడు మళ్లీ అడుగుతాడు. ఆ దేశం గురించి చెప్పండి, దాని మేలూ కీడూ రెండూ చెప్పండి. అక్కడికి పోయినా, పాల్మాకులలోనే ఉన్నా, ఆ బిడ్డ సత్యం మాట్లాడేవాడిగా పెరిగితే మన ఇంటి బడి సార్థకమైనట్టే.