పలుకని మధ్యవర్తి

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము వారిలో నెవ్వరును చెప్పలేదు. ఆ కాలమున ఇల్లు అమ్ముకొనుట సంసారము చెడినవాని గుర్తుగా నెంచబడెడిది. దానిని గూర్చి పదుగురిలో మాటాడుటయే సిగ్గుగా నుండెడిది. నేటి స్థితి యది కాదు. మన యోరుగల్లునే చూడుడు. 1959లో ఇచట ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు, కాకతీయ వైద్యకళాశాలయు వెలసినవి. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము వెలసినది. వానిలో ఉద్యోగము చేసినవారును, రైల్వేలోను బ్యాంకులలోను కొలువు చేసినవారును సుబేదారిలో, నయీంనగరులో, వడ్డేపల్లిలో ఇండ్లు కట్టుకొనిరి. వారి బిడ్డలు చదువుకొని హైదరాబాదునకో అమెరికాకో పోయిరి. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని ముదుసళ్ళు ఆ యిండ్లలో మిగిలిరి. వారు ఇల్లు అమ్మదలచుట చెడిపోయి కాదు, మిగిలిన నాలుగు దినములు బిడ్డల దాపున బ్రదుకుటకు. అట్టి వారి బ్రదుకు నేడొక మనుష్యుని చేతిలో బడియున్నది. దళారి యన్నను, బ్రోకరన్నను, ఏజెంటన్నను అతడే. అతనిపై మాకు గల ఫిర్యాదు ఒక్కటియే: అతడు పలుకడు.

మా యింటి సంగతియే చెప్పెదము. మా అక్కగారు ఉపాధ్యాయినిగా పనిచేసి, తన జీతములో కూడబెట్టి హనుమకొండలో ఒక యిల్లు కట్టుకొనినది. దస్తావేజు ఆమె పేరనే యున్నది. బావగారు గతించిన పిదప ఆమె హైదరాబాదులో కుమార్తె యింటి చెంత చిన్న ఫ్లాటు కొనదలచి, దానికి బయానా యిచ్చి, నాలుగు నెలలలో మిగిలిన సొమ్ము చెల్లింతునని ఒప్పుకొనినది. మాఘమాసములో ఒక మధ్యవర్తి వచ్చెను. వచ్చిననాటి అతని వినయము నేమని చెప్పవలెను! గోడలను తట్టి చూచి గట్టివనెను; తూర్పువాకిలి యని సంతోషించెను; కాఫీ త్రాగెను; ఫోటోలు తీసికొనెను; దస్తావేజుల నకళ్ళు పట్టుకొనెను. "రెండు శాతం ఇయ్యండమ్మా, ఇంకెవరికీ చెప్పకండి, నెల తిరగకముందే చేసి పెడత" అని చెప్పి వెడలెను.

అంతటితో అతని కంఠము మూతపడెను. మా అక్కగారు ఫోను చేసిన అది మ్రోగి మ్రోగి యాగును. ఎప్పుడైన నొకపరి యెత్తెనా, "మంచి పార్టీ ఉన్నదమ్మా, రేపు తీసుకొస్త" అని పెట్టివేయును. సందేశము పంపిన, చదివినట్లు నీలిగుర్తులు పడును. బదులు మాత్రము రాదు. ఫాల్గుణము గడచెను, చైత్రము గడచెను. ఒకనాడు మూఢమనెను, మరియొకనాడు ఆషాఢమున ఎవరు కొందురనెను. గడువు దాటెను; ఫ్లాటు చేజారెను; బయానా సొమ్ము నీటగలసెను. తుదకు పొరుగింటి యామె చెప్పగా తెలిసిన దేమనగా, ఆ మధ్యవర్తి ఇద్దరు కొనుగోలుదారులను గేటు వఱకు తెచ్చి చూపి, "కొన్నాళ్లు ఓపిక పట్టండి, ముసలామె దిగొస్తది, నేను తగ్గించి యిప్పిస్త" అని చెప్పి తీసికొనిపోయెనట!

ఇందొక విచిత్రము కలదు. మా మేనల్లుడు ఫోను చేసిన దినమున ఆ మధ్యవర్తి రెండవ మ్రోతకే పలికెను. ఇల్లు ఎవరిదో ఆమెతో మాటాడుటకు నోరు రానివాడు, ఇంటిపై ఏ హక్కును లేని పురుషునితో అరగంట మాటాడెను. అంతకుమునుపు "ఇంట్ల మగవారెవరన్న ఉంటే ఫోను చేయించండమ్మా" అని ఆమెతోనే అనియుండెను. పూర్వపు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన చట్టమువలనను, పార్లమెంటు 2005లో చేసిన సవరణమువలనను ఆడుబిడ్డకు పిత్రార్జితములో సమానభాగము వచ్చినదని మనము సభలలో చప్పట్లు కొట్టితిమి. హక్కు కాగితముపై నున్నది. దానిని అమ్ముకొనవలసిన నాడు ఆమె ఫోను ఎత్తువాడు లేడు. ఇది సంస్కరణమా? సంస్కరణము యొక్క నీడయా?

మధ్యవర్తుల పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. ఇల్లు అమ్ముడుపోవు వఱకు అతనికి రాగిపైస రాదు. పది యిండ్లకు తిరిగిన ఒకటి కుదురును; పెట్రోలు తనది, కాలము తనది. అమ్మువారును తక్కువవారు కారు. వీధిచివర ఇల్లు ఎంతకు పోయెనో విని, దానిపై మరి పది లక్షలు చేర్చి చెప్పుదురు. తన చేతిపని యంతయు ముగిసిన పిదప వెనుకదారిని కొనుగోలుదారుతో కలిసికొని కమీషను ఎగవేయువారును కలరు. ఇవియన్నియు నిజములే. మంచి మధ్యవర్తులును ఈ నగరమున కలరని మే మెఱుగుదుము. కాని వీనిలో నేదియు మౌనమునకు సమాధానము కాదు. "మీరు చెప్పిన ధరకు ఎవరును రాలే"దని చెప్పుటకు పెట్రోలు అక్కరలేదు. "నాకు తీరిక లేదు, వేరొకరిని చూచుకొను"డని చెప్పుటకు కమీషను అక్కరలేదు. లేదనుమాట కూడ ఒక సేవయే. దానివలన అమ్మువాడు తన దారి తాను చూచుకొనును.

మరి ఆ యొక్క మాట యేల చెప్పడు? మౌనము సోమరితన మని యనేకులు తలంతురు. అది కొందఱి విషయమున నిజము కావచ్చును. పెక్కుర విషయమున అది వ్యాపారము. లేదని చెప్పినచో ఇల్లు చేజారును. అవునని చెప్పినచో పని చేయవలెను. ఏమియు చెప్పకున్న ఇల్లు అతని సంచిలో నుండును, భారము మాత్రము అమ్మువానిపై నుండును. నెలలు గడచినకొలది అమ్మువానికి అవసరము ముదురును, ధర దిగును. అప్పుడు తన మనుష్యుని పేర తక్కువకు ఒప్పందము వ్రాయించుకొని, మరియొకనికి ఎక్కువకు మార్చి, నడిమి సొమ్ము మ్రింగువారు కలరు. పశువుల అంగడిలో తువాలు క్రింద వ్రేళ్ళు పట్టి బేరమాడుదురని విందుము. అచట అమ్మువాని చేయియైన ఆ తువాలు క్రింద నుండును. ఇచట అదియును లేదు!

చట్టము ఈ విషయమున మూగది కాదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టములో ఏజెన్సీకి ఒక ప్రకరణమే కలదు. చిక్కు వచ్చినపుడు తన యజమానితో సంప్రదించి ఆనతి పొందుటకు ఏజెంటు తగిన శ్రద్ధ చూపవలెనని 214వ సెక్షను చెప్పుచున్నది. నిర్లక్ష్యమువలన నేరుగా కలిగిన నష్టమునకు అతడు పరిహార మీయవలెనని 212వ సెక్షను. ఎస్టేటు అమ్మిపెట్టుమని యప్పగింపగా ఏజెంటు వేరొకని పేర తానే కొనెనేని, అతడు ముఖ్యవిషయమును కపటముతో దాచెనని గాని ఆ విక్రయము తనకు నష్టకరమని గాని చూపి యజమాని దానిని త్రోసివేయవచ్చునని 215వ సెక్షను ఉదాహరణతో గూడ చెప్పినది. తప్పునడత నడచిన పనికి ప్రతిఫలము లేదని 220వ సెక్షను. నూటయేబది సంవత్సరములకు మించి ఈ మాటలు చట్టపుస్తకములో నున్నవి. మన మధ్యవర్తులలో నెందఱు వీనిని చదివిరి? మనలో నెందఱు చదివితిమి?

2016లో పార్లమెంటు స్థిరాస్తి నియంత్రణ చట్టము చేసినది. దానినే రెరా యందురు. ఏజెంటు నమోదు చేసికొనవలెనని అందు కలదు. విని మేమును సంతోషించితిమి. కాని 9వ సెక్షను చదివి చూడుడు. ఆ నిర్బంధము నమోదైన ప్రాజెక్టులలో నిర్మాత అమ్ము స్థలములను, ఫ్లాట్లను, కట్టడములను కుదుర్చువారికి వర్తించును. ముప్పది యేండ్ల క్రిందట కట్టుకొనిన ఇల్లు అమ్ముకొను విధవరాలికి మధ్యవర్తిగా వచ్చువాడు ఆ వలలో పడడు. క్రొత్త కట్టడము కొనువానికి కాపలా పెట్టి, పాత యిల్లు అమ్ముదానిని వీధిలో విడిచిపెట్టితిమి.

మన ఎనుమాముల మార్కెట్టులో అడ్తిదారునికి లైసెన్సు కలదు. మిరపబస్తాల ముందు నిలిచిన రైతు తన సరకునకు ఎవడేమి ధర పలికెనో చెవులార వినగలడు. అచట మోసములు లేవని మేమనము. కాని సరకు ధర సరకుగలవాని యెదుట పలుకవలెనను నియమమైన నచట కలదు. నలువది బస్తాల మిర్చికి గల గౌరవము నలువదేండ్ల కష్టార్జితమైన యింటికి లేదా? ఇంకను వెనుకకు పోయి చూతము. ఓరుగంటి నేలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు దారితప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు లాగుకొనెడివారనియు, తాను నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొననియు అందు చాటెను. కష్టములో పడి ఒడ్డునకు వచ్చినవాని సొమ్ము దోచుకొనరాదని మన యేలిక ఏడువందల యెనుబది యేండ్ల క్రిందట చెప్పెను. వార్ధక్యమను గాలివానలో ఒడ్డునకు వచ్చిన యీ ముదుసళ్ళ సొమ్ము నేడు ఏ శాసనము కాపాడుచున్నది?

ఇంతవఱకు చదివి "భేష్, బాగుగ తిట్టినా"రని సంతోషించు చదువరులతో ఇక నొక మాట. ఆ మధ్యవర్తికి మౌనము నేర్పినవారము మనమే. ఎట్లందురా? రిజిస్ట్రేషను కాగితములో నొక ధర, చేతికి ముట్టునది మరియొక ధర కావలెనని అతని చెవిలో చెప్పినవారెవరు? మనము. అట్టి బేరమును కాగితముపై పెట్టలేము గనుక, అంతయు నోటిమాటగనే సాగవలెను. నోటిమాట తప్పినవానిపై ఏ కచేరికి పోగలము? మన దాపరికమే అతనికి కవచము. అంతియ కాదు. "ఫలానా కులమువారిని తేవద్దు, ఫలానా మతమువారైన అసలే వద్దు, ఇరుగుపొరుగువారు ఏమనుకొందురు" అని గేటు చెంత గొంతు తగ్గించి చెప్పువారు మన సంస్కారవంతుల యిండ్లలో లేరా? ఆ మాట విన్న మధ్యవర్తి, సొమ్ము చేతపట్టుకొని వచ్చిన దళిత ఉద్యోగికిని, ముస్లిము ఉపాధ్యాయునికిని "ఇల్లు అమ్ముడుపోయిం"దని అబద్ధ మాడును; లేదా ఫోను ఎత్తుట మానును. ఇతరులపై ప్రయోగింపుమని మన మిచ్చిన ఆయుధమునే అతడు మనపై త్రిప్పెను. మా అక్కగారు అట్టి మాట చెప్పలేదు. కాని ఆమె వీధిలో చెప్పినవారు కలరు, మా బంధువులలో చెప్పినవారు కలరు, మేము విని యూరకుంటిమి. ఆ యూరకుండుటకు మేము సిగ్గుపడుచున్నాము.

కావున చేయవలసినవి కొన్ని కలవు. మొదటిది: ఒక కాగితము. ఇల్లు అమ్మిపెట్టుమని యప్పగించునపుడు ధర యెంత, కమీషను ఎంత, గడువు ఎన్ని దినములు, ఎవరెవరికి చూపెనో వారమున కొకపరి తెలుపవలెను అనునవి వ్రాసి ఇరువురును చేవ్రాలు చేయవలెను. ఇంటి సొంతదారుతోనే మాటాడవలెనని, ఆమె స్త్రీ యైనను సరే, అందు స్పష్టముగ నుండవలెను. గడువు దాటిన నాడు అధికారము దానంతట రద్దగునని వ్రాసికొనవలెను. రెండవది: అసలు దస్తావేజులను ఎవరి చేతను పెట్టకుడు, నకళ్ళిచ్చినను రసీదు పుచ్చుకొనుడు. సులువుగ నుండునని జి.పి.ఏ. వ్రాసి యిచ్చి చేతులు దులుపుకొనకుడు. అట్టి పత్రములతో సాగు విక్రయము యాజమాన్యమును బదలాయింపదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చినది. మూడవది: కమీషనునకు పనిచేయుదునని యొప్పుకొని చేయనివాని సేవాలోపమునకు వినియోగదారుల కమిషను నాశ్రయించు మార్గము 2019 చట్టములో కలదు, కాగితము చేతనుండిన ఆ తలుపు తట్టవచ్చును. నాలుగవది శాసనకర్తలకు: పాత యిండ్ల అమ్మకమును కుదుర్చువారిని గూడ నమోదు క్రిందికి తెండు, నమోదు సంఖ్య లేనివాడు కమీషను అడుగరాదని చేయుడు. ఇది న్యాయముగ బ్రదుకు మధ్యవర్తికి గూడ మేలు. దొంగల నడుమ దొరయు దొంగగా చూడబడుట అతనికి మాత్ర మిష్టమా?

హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసినప్పుడు, అక్షరము వచ్చిన నాడు మోసము పోవునని మన పూర్వులు నమ్మిరి. అక్షరము వచ్చినది; దానిని మనము పెండ్లిపిలుపులకు వాడుకొనుచున్నాము గాని ఒప్పందములకు వాడుకొనుట లేదు. ప్రతి కాలనీ సంఘమును, ప్రతి గ్రంథాలయమును ఒక నమూనా ఒప్పందపత్రమును అచ్చొత్తించి గోడపై అంటించిన ఎంత వ్యయమగును?

మా అక్కగారు తుదకు ఒక యువదంపతులకు ఇల్లు అమ్మినది. నడుమ నెవ్వరును లేరు. ఆమెయే గేటునకు పలక కట్టి, ఆమెయే ఫోను ఎత్తి, వచ్చినవారిని కులమడుగక కూర్చుండబెట్టి, ధర చెప్పినది. కాని అప్పటికి ఒక వేసవి, ఒక వానకాలము, ఒక బయానా, కొంత ఆరోగ్యము పోయినవి. అవి ఏ కమీషను లెక్కలోనికిని రావు. ఆ యింటి తాళపుచెవులు ఇచ్చివచ్చిన రాత్రి ఆమె మాతో నిట్లనెను: "ధర తగ్గిందని నాకు బాధ లేదురా. లేదు, కాదు అని ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. నేను మనిషిననన్న గుర్తుండేది."

ఆ యొక్క మాట చెప్పించుటకే ఈ వ్యాసము.