ఏ మందో చెప్పని సీసా

వానాకాలం నడుమ పోచంపల్లిలో ఏ మందుల దుకాణం ముందు కాసేపు నిలబడ్డా ఒక మాట చెవిన పడుతుంది. "పూత రాలుతున్నది సేటూ, ఏదన్నా మంచి టానిక్ ఇయ్యి." సేటు వెనక అరలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెడతాడు. దాని మీద విరగకాసిన పత్తి చెట్టు, పక్కనే మిరప, వరి, వంగ బొమ్మలు. లోపల ఏముందో చెప్పే అక్షరాలు ఏ మూలనో ఉంటాయి, అవీ ఇంగ్లిషులో. ఎంత పోయాలో సేటు నోటి మాటే.

ఇలాంటి సీసాల్లో ఉండే మొక్క హార్మోన్లు పనిచేస్తాయి. గట్టిగా పనిచేస్తాయి కనుకనే ఈ అమ్మకం చూస్తే నాకు గుబులు. కరీంనగర్ వైపు, హుజూరాబాద్, జమ్మికుంట చుట్టుపక్కల హైబ్రిడ్ వరి విత్తనం పండించేవాళ్లను అడగండి. ఆడ వరుసల్లో కంకి పొట్టాకు దాటి పూర్తిగా బయటికి రాదు. రాకపోతే మగ వరుసల పుప్పొడి అందదు, గింజ కట్టదు. అందుకని నూటికి 5 నుంచి 10 కంకులు తొంగిచూసే వేళకు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే జిబ్బరెల్లిన్ హార్మోన్ కొడతారు. ఆ తెల్లపొడి నేరుగా నీళ్లలో సరిగా కరగదు. ముందు స్పిరిటులో కరిగించి, ఆ తర్వాత నీళ్లలో కలపాలి. కంకి బయటపడ్డాక ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని మగ వరుసల మీదుగా తాడు లాగితే పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడుతుంది. అక్కడ ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. ఆ పొలాల్లో హార్మోన్ ఫలితమిస్తున్నది అందుకే.

ఇక మన నల్లగొండ, పాలమూరు చెల్కల్లో తాతల నాటి పంట ఆముదం. ఆముదపు గెలలో అడుగున మగపూలు, పైన ఆడపూలు. కాయ కట్టేది ఆడపూలే. ఎండ ముదిరి, చెట్టుకు వయసు మీరేకొద్దీ మగపూలు ఎక్కువవుతాయి. జిబ్బరెల్లిన్ ఇస్తే ఆముదంలో ఆడపూలు పెరుగుతాయని 1961లో ఓవెడ్ షిఫ్రిస్ అనే శాస్త్రవేత్త చూపాడు. సరిగ్గా అదే హార్మోన్‌ను ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మోహన్‌రామ్, జైస్వాల్ ఆడ గంజాయి మొక్కలకు ఇస్తే మగపూలు పూశాయి. ఆ ఫలితం 1972లో అచ్చయింది. అంతకు రెండేళ్ల ముందే వాళ్లు ఎథిలీన్ అనే మరో హార్మోన్‌ను విడుదల చేసే మందుతో మగ గంజాయి మొక్క మీద ఆడపూలు తెప్పించారు. ఒక మొక్కలో ఆడపూలు పెంచే పదార్థమే మరో మొక్కలో మగపూలు తెస్తున్నప్పుడు, 'అన్ని పంటలకూ' అని రాసిన సీసాను ఏ భరోసాతో రైతు చేతిలో పెడుతున్నారు?

మోతాదు సంగతీ అంతే. పత్తిలో, మిరపలో పూత నిలవడానికి చెప్పే ఎన్‌ఏఏ (నాఫ్తలీన్ అసిటిక్ ఆమ్లం) అనే హార్మోన్ మోతాదు 10 పీపీఎం, పది లక్షల పాళ్లలో పది. అంటే 4.5 శాతం మందైతే నాలుగున్నర లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు. ఆపిల్ తోటల్లో ఇదే ఆమ్లాన్ని పిందెలు రాల్చడానికి వాడతారు. మన దగ్గరేమో సీసా మూతే కొలత. పక్క చేను ఆయన రెండు మూతలు పోశాడంటే మనమూ రెండు పోస్తాం.

టానిక్‌ల పేరుతో అమ్ముడుపోయే బయోస్టిమ్యులెంట్లను కేంద్రం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. దాదాపు 30,000 సరుకులు ఏళ్ల తరబడి అడ్డూ అదుపూ లేకుండా అమ్ముడుపోయాయనీ, తనిఖీలు బిగించాక అవి 650 దాకా దిగాయనీ 2025 జూలైలో వ్యవసాయ మంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ స్వయంగా చెప్పారు. మరి మిగతా వేల సీసాలకు రైతు పోసిన డబ్బు సంగతేమిటి? అది అప్పు తెచ్చిన డబ్బు. ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

ఆ సీసాలకన్నా చెల్క రైతుకు నిజంగా అక్కరకొచ్చింది పాలమూరు వైపు పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానంలో జరిగిన పని. క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలు అక్కడివే. అలాంటి పనికి డబ్బూ మనుషులూ కావాలి. ఈలోగా చేయగల పనులూ ఉన్నాయి. రైతులు కూడి మాట్లాడుకోవడానికి ఊళ్లలో రైతు వేదికలు కట్టుకున్నాం. వాటి గోడల మీద ఏ పంటకు ఏ హార్మోన్, ఎన్ని లీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లు, ఏ దశలో అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. హార్మోన్ అవసరం లేని పంటకు లేదనే రాయాలి. ప్రతి సీసాకూ కొలగ్లాసు ఇవ్వాలి. ఉద్దెరకు ఇచ్చినా సరే, మందు పేరు, బ్యాచ్ నంబరు వేసి బిల్లు ఇవ్వాల్సిందే. పూత రాలిపోయాక వ్యవసాయ అధికారి ముందు గానీ వినియోగదారుల కమిషన్‌లో గానీ రైతు చూపించుకోవడానికి ఆ కాగితం ఒక్కటే ఉంటుంది.