చేతులు కట్టుకు కూర్చున్న చదువు

ఒకటో తరగతి పిల్లవాడికి అ ఆల కంటే ముందు మనం చెప్పే పాఠం ‘చేతులు కట్టుకో’. ఐదో తరగతి దాటేదాకా ఆ చేతుల్ని రాతకు తప్ప విప్పనివ్వం. పల్లెటూరి బడుల్లో ముప్పై ఏళ్లు నేనూ ఆ మాట అన్నవాణ్ణే. అందుకే టెక్నాలజీ చదువు గురించి ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తున్న మాటకు గట్టిగా ఎదురు చెప్పాలనిపిస్తోంది.

చిన్నపిల్లలకు టెక్నాలజీ నేర్పడమంటే తెర ముందు కూర్చోబెట్టడం, ఫీజు ఎక్కువున్న బడి అయితే కోడింగ్ చెప్పించడం. చేతిపనంటారా, అది చదువు అబ్బనివాళ్లకు, అదీ పదో తరగతి తప్పాక. తల్లిదండ్రులదీ, అధికారులదీ, ప్రైవేటు బడుల ఫ్లెక్సీలదీ ఇదే పాట. ప్రభుత్వాల లెక్కా ఇంతే. 2022 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. ప్రాథమిక బడుల గోడలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. వస్తువులు తయారుచేస్తూ నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులకు కేంద్రం 20 లక్షల దాకా ఇస్తోంది, అవి ఆరో తరగతి నుంచి పైవాళ్లకే. 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన పది ‘సంచి లేని రోజులు’ కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. మట్టి కనిపిస్తే పిసికి, పుల్ల కనిపిస్తే విరిచి చూసే వయసు పిల్లలు మాత్రం ఎవరి లెక్కలోనూ లేరు.

టెక్నాలజీ ఎక్కడుందో ఒకసారి మన చేలోకి దిగి చూద్దాం. నల్లరేగడిలో మిరపనారు నాటేముందు అచ్చు తోలతారు. సమానమైన ఎడంతో కొయ్యకు పళ్లు బిగించిన అచ్చును నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగుతారు. గీతకు గీత తగిలిన చోటల్లా ఒక మొక్క. అలా నాటిన చేలో గుంటక రెండు వైపులా తిరుగుతుంది, కలుపు కూలి తగ్గుతుంది. పంటికీ పంటికీ మధ్య ఎంత ఎడం? గుంటక వెడల్పు చూడాలి, మొక్క రేపు ఎంత గుబురుగా పెరుగుతుందో చూడాలి, ఎద్దులు ఎలా నడుస్తాయో చూడాలి. ఇన్నీ ఆలోచించి, తప్పులు చేసి, దిద్దుకుని ఎవరో తేల్చిన కొలత అది. డిజైన్ అంటే అదే. ఆ చేలగట్టు మీద నడిచి బడికొచ్చిన పిల్ల తొమ్మిదో తరగతిలో గ్రాఫు కాగితం ముందు కూర్చుని ఎక్స్ అక్షం, వై అక్షం కంఠతా పడుతుంది. ఈ గళ్లూ మీ నాన్న తోలిన అచ్చూ ఒకటేనమ్మా అని ఆమెకు ఎవరూ చెప్పరు.

ఒక మధ్యాహ్నం నాలుగో తరగతి పిల్లలకు తలా ఒక విచ్చిన పత్తికాయ ఇచ్చాను. గింజలు తీసి దూదిని సన్నగా లాగమన్నాను. లాగితే చేతిలోనే విడిపోయింది. ఈసారి మెలిపెడుతూ లాగమన్నాను, దారం వచ్చింది. ఈ దారం ఎంత మోస్తుంది? అగ్గిపెట్టె అరను దానికి వేలాడదీసి, గులకరాళ్లు ఒక్కొక్కటే వేస్తూ లెక్కపెట్టారు. 7 రాళ్లకు తెగింది. వెనక వరసలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతి తన దారాన్ని రెండు మడతలు పెట్టి, మొదటి మెలికి ఎదురు మెలి వేసుకొచ్చింది. వాళ్ల అమ్మమ్మ తాడు పేనుతుంటే చూసిందట. అది 19 రాళ్లు మోసింది. ‘రెండు పేటలైతే 14 మొయ్యాలి కదా, 19 ఎందుకు మోసింది?’ అని ఒక పిల్లవాడు లేచాడు. ‘ఎదురు మెలి ఎందుకు?’ అని ఇంకొకడు. ఒక మెలి విడిపోవాలని చూస్తుంటే రెండోది దాన్ని పట్టి ఉంచుతుందని ఆ పిల్లే, పేనిన దారాన్ని వదిలి చూపిస్తూ చెప్పింది.

దారం వడికే వీడియో తెర మీద వేసి ఉంటే ఇదంతా వచ్చేదా? తెర మీద దారం తెగదు. ఆ పిల్లలకు ప్రశ్న పుట్టింది తెగిన చోటే. తెర మీద నాకు పగ లేదు, చేతితో ఒకసారి చేసినవాడికి అది ఎంతో చెబుతుంది. ఏ వస్తువూ చేసి చూడనివాడికి మాత్రం అది బొమ్మలాటే.

ఇక బరువైన అభ్యంతరం. బడికి చిన్న రంపం, సుత్తి తెచ్చిన వారంలో ఒక తల్లి వచ్చి నన్ను నిలదీసింది. మిరప కోతలకు వెళ్లే మనిషి. ‘‘ఏంది సారూ, ఈ పని నేర్పటానికా నా బిడ్డను బడికి పంపిచ్చింది? కాయ కోసీ కోసీ నా చేతులు మండిపోతన్నయ్యి. దాని చేతికి పుస్తకం ఇయ్యండి సారూ’’ అంది. నాకు వెంటనే మాట రాలేదు. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. కోతల కాలంలో వలస వచ్చే కుటుంబాల పిల్లలు ఇప్పటికీ బడి మాని చేలో కనిపిస్తారు. 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడకముందు, మా గుంటూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ ఒక పథకం తెచ్చారు. పల్లె పిల్లలు ఒక పూట బడికి రావాలి, మిగతా పూట తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. ఇది కులవిద్య అని జనం తిరగబడ్డారు. మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది పోయింది. తిరగబడ్డవాళ్లదే న్యాయం.

కానీ ఆ తల్లికి నేను తర్వాత చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాను. ‘‘అమ్మా, కులవిద్య వడ్రంగి కొడుక్కి రంపమిచ్చి అక్కడే ఆగమంటుంది. నేను మీ అమ్మాయికీ, కరణంగారి మనవడికీ ఒకే రంపం ఇస్తున్నాను. కోసినంత మాత్రాన ఊరుకోను, ఎందుకు ఇలా కోశావని అడుగుతాను. పుస్తకం మానిపించను, చేసినదాన్ని కొలిచి, బొమ్మ గీసి పుస్తకంలో రాయిస్తాను.’’ కూలిపనిలో పిల్ల చెయ్యి కదులుతుంది, ఆలోచన ఇంకొకరిది. నేనడిగే చదువులో రెండూ పిల్లవే. ఈ తేడా చెరిగిపోతే నేనే ఆ తల్లి పక్కన నిలబడతాను.

ఇది కొత్త ఊహేమీ కాదు. ఫిన్లాండ్ 1866లోనే పల్లె బడుల్లో చేతిపనిని తప్పనిసరి చేసింది. ఇంగ్లండ్ 1990లో ఐదేళ్ల పిల్లలనుంచే డిజైన్ అండ్ టెక్నాలజీని పాఠ్యాంశం చేసింది. మన గుంటూరులోనే 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు స్థాపించిన శారదానికేతనం ఆడపిల్లల చదువులో చేతిపనులకు చోటిచ్చింది. 1937 వార్ధా విద్యాసభ తర్వాత నయీ తాలీమ్ (కొత్త చదువు) పేరుతో నూలు వడికే తకిలీ పిల్లల చేతికొచ్చింది. దాని ప్రాణం తీసింది నా దృష్టిలో ఒక్కటే: ఎన్ని బారల నూలు తీశావన్న లెక్క మిగిలి, తకిలీ బరువు పెంచితే నూలు ఏమవుతుందన్న ప్రశ్న రాకపోవడం. తర్వాత ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని) వచ్చింది. నేను చదివిన హైస్కూల్లో ఆ పీరియడుకు బజారులో కొన్న బుట్ట తెచ్చి చూపించినా మార్కులు పడేవి.

టీచర్లకు ఇవి రావంటారు. ఊళ్లో వడ్రంగి ఉన్నాడు, మిషను కుట్టే అక్క ఉంది, చీరాల వైపు మగ్గాలున్నాయి. నెలకోసారి వాళ్లను కుర్చీ వేసి కూర్చోబెడితే పిల్లలతో పాటు టీచరూ నేర్చుకుంటాడు. పాఠమంటారా, ఇదిగో ఒకటి. కల్లంలో నేల తేమ తగిలి మిరపకాయ రంగు పోతుంది, బూజు పడుతుంది. పత్తికంపతో నేలకు జానెడు ఎత్తున పందిరి కట్టి, దాని మీద కొన్ని, పట్టా మీద కొన్ని, మట్టి మీద కొన్ని కాయలు ఆరబోసి రోజూ తూకం వేయించండి. వారానికి రెండు పీరియడ్లు, ఒక నెల పాఠం. రూపాయి ఖర్చు లేదు.

పనిముట్లంటారా, అవీ ఒకప్పుడు వచ్చాయి. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రాథమిక బడులకు ఇవ్వాల్సిన సామాన్ల జాబితాలో సైన్సు కిట్టుతో పాటు చిన్న పనిముట్ల కిట్టు కూడా ఉంది. నేను పనిచేసిన ఒక బడిలో అది బీరువా అడుగున, కాగితం చుట్ట విప్పకుండానే తుప్పు పట్టింది. పోతే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలన్న భయం. వచ్చే జూన్‌లో బడులు తెరిచేటప్పుడు ప్రతి ప్రాథమిక బడికీ మళ్లీ ఒక పెట్టె కావాలి: రెండు చిన్న రంపాలు, రెండు సుత్తులు, పట్టకారు, టేపు, పురికొస, మేకులు. విరిగినా పోయినా ఎవరి జీతంలోంచీ కొయ్యబోమని ఒక ఉత్తర్వు కావాలి. ఆ పెట్టె తాళంచెవి ఐదో తరగతి పిల్లల దగ్గర ఉండాలి.