బందిపోటు అన్నారు, 1/70 తెచ్చారు

గిరిజన ప్రాంతాల్లో పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలని శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు విశాఖలో సెలవిచ్చారు. దానికి నిరసనగా జరిగిన మన్యం బంద్‌తో ఉలిక్కిపడిన ప్రభుత్వం, రద్దు ఆలోచనే లేదని ముఖ్యమంత్రి చేత చెప్పించింది. అంతటితో వదిలేయదగ్గ మాట కాదిది. ఏజెన్సీ యువతకు ఉపాధి కావాలన్నది నిజమే. దానికి ఈ చట్టమే అడ్డు అనడం మాత్రం పచ్చి అబద్ధం.

భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నదే 1/70. గిరిజనుడు తన నేల మీద హోటల్ కట్టుకుంటే ఈ చట్టం కాదనదు. అరకులో, టైడాలో ప్రభుత్వ పర్యాటక సంస్థ ఏళ్ల తరబడి అతిథిగృహాలు నడుపుతూనే ఉంది. మరి ఈ చట్టం ఎవరికి అడ్డు? కొండ కింద భూమి కొనాలనుకునే బయటివాడికి. ఆ మాట పైకి అనలేక అభివృద్ధి పేరు చెబుతున్నారు.

ఈ చట్టం ఎందుకు వచ్చిందో శ్రీకాకుళం మరిచిపోలేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనులపై లేవిడిలో భూస్వాముల వర్గం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న నేలకొరిగారు. నిందితులను కోర్టు వదిలేసింది. 1968 నవంబరు 25న సుమారు 250 మంది విల్లంబులు, బల్లేలు పట్టుకుని పెదగొట్టిలిలో ఓ వడ్డీ వ్యాపారి ఇంటి మీద పడ్డారు. ధాన్యంతోపాటు అప్పు పత్రాలూ పట్టుకుపోయారు. దొంగల ముఠాకు అప్పు పత్రాలతో పనేమిటి? వాళ్ల ముందు నడిచింది బడిపంతులు వెంపటాపు సత్యం. సర్కారు దృష్టిలో ఆయన ఒడిశా సరిహద్దు కొండల్లో తప్పించుకు తిరిగే బందిపోటు. ఆ శ్రీకాకుళం గిరిజన పోరాటంలో హత్యలూ జరిగాయి, వాటిని మేం సమర్థించం.

కానీ అదే సర్కారు 1970 ఫిబ్రవరిలో, కొండల నిండా పోలీసులను దింపి ఉండగానే, 1959 నాటి భూబదలాయింపు నిబంధనను బిగించి 1/70 తెచ్చింది. ఐదు నెలలకే, జూలై 10న, సత్యం, ఆయన సహచరుడు ఆదిభట్ల కైలాసం పార్వతీపురం ఏజెన్సీలో పోలీసు తూటాలకు బలయ్యారు. వాళ్లు లేవనెత్తింది వట్టి దొంగల గోలే అయితే చట్టం మార్చాల్సిన అవసరం ఏ ప్రభుత్వానికి వస్తుంది? గిరిజనుడి భూమి దోచుకున్నది ఎవరో ఆ నిబంధనే ఒప్పుకుంది.

స్పీకర్ తన మాటను బహిరంగంగా వెనక్కి తీసుకోవాలి. పర్యాటకం మీద అంత శ్రద్ధే ఉంటే, సొంత నేల మీద వాళ్లే హోటళ్లు కట్టుకునేలా, భూబదలాయింపు కేసుల్లో గెలిచినా నేల దక్కని గిరిజనులకు ప్రభుత్వం ముందు వాళ్ల భూమి స్వాధీనం చేయాలి.