గదిలో పుట్టిన కంది మన చేలో నిలుస్తుందా?

"సార్, 45 డిగ్రీల ఎండకు తట్టుకునే కంది వచ్చిందట, వేసవిలో బోరు కింద వేసేయమంటారా?" ఈ మధ్య రైతులు నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2025లో ప్రకటించిన ఐసీపీవీ 25444 గురించే ఈ మాట. వార్త నిజమే. అయితే ఆ రకం ఎలా తయారైందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

కంది పగటి పొద్దు తగ్గితేనే పూతకొచ్చే పంట. అందుకే వానాకాలంలో వేస్తాం, ఏడాదికి ఒక్కటే కాపు. శాస్త్రవేత్తలకూ అదే ఇబ్బంది. రెండు రకాలను సంకరం చేశాక గుణాలు స్థిరపడేదాకా తరం తర్వాత తరం పండించాలి. ఏడాదికో తరం చొప్పున కొత్త రకం మీ చేతికి రావడానికి పదేళ్లు దాటేది. ఈలోగా వానలూ ఎండలూ మారిపోతున్నాయి.

అందుకని ఇప్పుడు గదుల్లో కంది పెంచుతున్నారు. వెలుతురు ఎన్ని గంటలు, వేడి ఎంత, తేమ ఎంత అన్నది వాళ్ల చేతిలోనే ఉంటుంది. మొక్క త్వరగా పూస్తుంది. గింజ పూర్తిగా ముదిరేదాకా కూడా ఆగకుండా తీసి మొలకెత్తిస్తారు. అలా ఏడాదికి నాలుగు తరాల దాకా తీయగలుగుతున్నారు. దీన్నే స్పీడ్ బ్రీడింగ్ అంటారు. వరి కోసం వారణాసిలోని ఇర్రి కేంద్రంలో 2023లో ఇలాంటి సౌకర్యమే మొదలైంది.

కానీ గదిలో కాయతొలుచు పురుగు లేదు, ఎండుతెగులు పట్టిన నేల లేదు. కోతులు, అడవి పందులు అసలే లేవు. గది కాలాన్ని ఆదా చేస్తుంది, పొలం పరీక్షను తప్పించలేదు. ఈ కందిని కర్ణాటక, ఒడిశా, తెలంగాణల్లో పొలాల్లో వేసి చూశారు. 125 రోజుల్లో కోతకొచ్చి హెక్టారుకు 2 టన్నులు, అంటే ఎకరాకు సుమారు 8 క్వింటాళ్లు ఇచ్చింది. మంచి దిగుబడే. అయినా అది పరీక్షల్లో వచ్చిన లెక్క. ఆ 8 క్వింటాళ్లను నమ్ముకుని అప్పు చేయకండి.

ఇంకో మాట. ఎండను తట్టుకోవడం వేరు, నీళ్లు లేకుండా బతకడం వేరు. ఏప్రిల్‌లో బోరు తగ్గిపోయే ఊళ్లో పూత దశలో తడి ఇవ్వలేకపోతే ఏ రకమైనా రాలిపోతుంది. పైగా వేసవిలో చుట్టూ ఎండిపోయిన ఊళ్లో మీ చేను ఒక్కటే పచ్చగా ఉంటే పురుగు, పశువులు, కోతులు అన్నీ అక్కడికే వస్తాయి. కాపలా ఖర్చు ముందే లెక్కేసుకోండి.

వేయాలనుకుంటే మొదటిసారి పది గుంటలు, ఆంధ్రలో చెప్పాలంటే 25 సెంట్లు చాలు. ఫోన్లో వీడియో చూపించి "ఇక్రిశాట్ విత్తనం" అని అమ్మేవారి దగ్గర కొనకండి. ఈ రకం మన రాష్ట్రానికి విడుదలైందా అని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. సంచికి నీలం ట్యాగు, దాని మీద లాట్ నంబరు, 75 శాతానికి తగ్గని మొలక చూసి, బిల్లు తీసుకుని దాచండి.

ఇది హైబ్రిడ్ కాదు కాబట్టి పంట బాగుంటే విత్తనం దాచుకోవచ్చు. కందిలో తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం జరుగుతుంది. వేసవిలో పక్కన వేరే కంది పూతలో ఉండదు కనుక కల్తీ తక్కువ. అయినా గట్ల పక్క సాళ్లు వదిలి చేను నడిమధ్య నుంచే విత్తనానికి కోయండి.